కోడ్ రాకపోయినా ఓపెన్ సోర్స్, 2వ పాఠం: $1 పక్కన ఏం రాయాలి?

పోయిన పాఠంలో, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలోని మాటల్ని వాలంటీర్లు తమ భాషల్లోకి మార్చే సైట్ ట్రాన్స్‌లేట్‌వికీలో అకౌంట్ తెరిచి భాష తెలుగు అని పెట్టుకున్నాం కదా. కొత్తవాళ్లకి ముందు కొన్ని ట్రయల్ అనువాదాలు ఇస్తారు, అవి చూసి ఓకే అన్నాకే పూర్తి పర్మిషన్ వస్తుంది, కాస్త ఆలస్యమైనా కంగారు పడకండి.

కోడింగ్ రానివాళ్లు చేసేదీ కాంట్రిబ్యూషనేనా అని చాలామందికి డౌట్. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మీడియావికీ. అందులో మనం నొక్కే 'చరిత్ర', 'ఇటీవలి మార్పులు' లాంటి మాటలన్నీ వాలంటీర్లు కూర్చుని తెలుగు చేసినవే. మీరు రాసింది కూడా అక్కణ్ణుంచి కోడ్‌లోకే చేరుతుంది, మీరు గిట్ (ప్రోగ్రామర్లు కోడ్ మార్పుల్ని దాచుకునే పనిముట్టు) ముట్టుకోకుండానే. అసలైన పనే ఇది.

సరే, ఒక మెసేజ్, అంటే సాఫ్ట్‌వేర్ తెర మీద చూపించే ఒక మాటో వాక్యమో, తెరవండి. ఇంగ్లీషు వాక్యంతో పాటు అది ఎక్కడ కనిపిస్తుందో చెప్పే వివరణ ఉంటుంది, అది చదవకుండా ఒక్క అక్షరం కూడా రాయొద్దు. నేను మొదట్లో 'ఓపెన్' అని కనిపిస్తే 'తెరువు' అని రాసేసి వెళ్లిపోయా, తీరా చూస్తే అది బటన్ కాదు, ఆ విషయం ఇంకా తేలలేదని చెప్పే మాట. వివరణలో ఆ ముక్క స్పష్టంగా ఉంది, నేనే చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వాక్యం మధ్యలో $1 అని ఉంటుంది, దాని చోట్లోకి తర్వాత ఒక పేరో అంకో వచ్చి కూర్చుంటుంది. దాన్ని చెరపొద్దు, కానీ చోటు మార్చుకోవచ్చు, మన వాక్యంలో క్రియ చివరికి పోతుంది కదా.

ఉదాహరణకి '$1కు సందేశం పంపించు' అని రాశారనుకోండి. రాము వస్తే 'రాముకు', బానే ఉంది. రవి వస్తే 'రవికు' అయిపోతుంది, అలా ఎవరూ అనరు. పోనీ 'కి' పెడదామంటే సురేష్ వచ్చినప్పుడు ఇంకో గొడవ, పేరు చివర పొల్లు ఉంది కాబట్టి పక్కనే వచ్చిన 'కి' దానికి ఒత్తుగా అతుక్కుని 'సురేష్కి' అని కనిపిస్తుంది, పాపం ఆయన పేరు ఆయనకే గుర్తుపట్టడం కష్టం. మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడితే ఒత్తు విడిపోతుంది గానీ, నాకు అంతకంటే నచ్చే దారి '$1 గారికి సందేశం పంపించు'. ఏ పేరొచ్చినా వాక్యం నిలబడుతుంది, మర్యాదగానూ ఉంటుంది. గారు అతకని చోట '$1 అనే వాడుకరికి' అనండి, వాడుకరి అంటే యూజర్.

క్రియ దగ్గర కూడా ఇదే. ఇంగ్లీషులో ఆడా మగా తేడా లేకుండా నడిచిపోతుంది, మనకి 'పంపాడు', 'పంపింది' వేరు. మీడియావికీలో దీనికి జెండర్ అని ఒక ఏర్పాటు ఉంది కానీ 'పంపారు' అంటే దాని అవసరమే రాదు, ముఖపరిచయం లేనివాళ్లని ఎలాగూ మీరు అనే అంటాం కదా.

ఏకవచనం, బహువచనం తేడా కోసం ప్లూరల్ అని మీసాల బ్రాకెట్లలో ఉంటే లోపల నిలువు గీత పెట్టి, ముందు ఒకటికి, తర్వాత మిగతావాటికి రాయాలి. పేజీ, పేజీలు అయితే తేలికే. మనుషుల దగ్గరే జాగ్రత్త, '1 మంది వాడుకరి' అని ఎవరం అనం, కాబట్టి మొదటిది 'ఒక వాడుకరి', రెండోది '$1 మంది వాడుకరులు'. అప్పటికీ '2 మంది' అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటే '2=ఇద్దరు వాడుకరులు' అని విడిగా ఇంకో గడి పెట్టుకోవచ్చు, అలాగే '3=ముగ్గురు వాడుకరులు'. ఇంగ్లీషుకి అక్కర్లేని గడి అది, మనకి కావాలి, మొహమాటపడకుండా వాడండి.

ఈ వారం పని: $1 ఉన్న మెసేజ్‌లు 10 తెలుగు చేయండి. సేవ్ కొట్టే ముందు ఒక్కోదాన్నీ రాము, రవి, సురేష్ పేర్లు పెట్టి పైకి చదవండి, నాలుక ఎక్కడ తడబడితే అక్కడ మార్చండి. మీ అనువాదాన్ని వేరొకరు మార్చేస్తే ఏం చేయాలో 3వ పాఠంలో చూద్దాం.