సిగ్నల్ దగ్గర ఆగిపోయే కారుకి ఓ ఆదివారం పొద్దున

మా కారు 2013 మోడలు, పెట్రోలుది. పోయిన వేసవిలో బందరు రోడ్డు మీద సిగ్నల్ పడిందంటే నాకు గుండె దడ. ఏసీ వేసి ఉంటే ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు 800 నుంచి 500కి జారేది, బండి ఒక్కసారి వణికి ఆగిపోయేది, వెనకవాడు హారన్ మీంచి చెయ్యి తీసేవాడు కాదు. మెకానిక్ చూసి "థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాల్సిందే మేడమ్" అన్నాడు. ఆ రేటు విని ఇంటికొచ్చేశాను. తీరా విప్పి చూస్తే దానికి రోగమేమీ లేదు, జిడ్డు పట్టింది, అంతే.

ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్లోకి గాలి వెళ్ళే దారిలో ఒక అల్యూమినియం గొట్టం, దాని మధ్యలో గుండ్రటి బిళ్ళ. అదే థ్రాటిల్ బాడీ. యాక్సిలరేటర్ తొక్కితే బిళ్ళ తెరుచుకుంటుంది. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి గాలికి అంచు వెంట ఉన్న సన్నటి సందే ఆధారం. ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరి బ్రీదర్ పైపు గుండా ఇదే దారిలోకి వచ్చి, సరిగ్గా ఆ సందులోనే పేరుకుంటుంది. గాలి చాలక బండి ఆగుతుంది. అయితే ఐడ్లింగ్ తేడాకి స్పార్క్ ప్లగ్గులు, చిరిగిన పైపులు కూడా కారణం కావచ్చు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే స్కాన్ చేయించాకే దీని జోలికి రండి.

కావలసినవి: పది నంబరు స్పానర్, స్టార్ స్క్రూడ్రైవర్, పీచు రాలని పాత కాటన్ గుడ్డలు, మెత్తటి టూత్ బ్రష్, గ్లవ్స్, కళ్ళద్దాలు, థ్రాటిల్ బాడీ క్లీనర్ డబ్బా. నేను 350 రూపాయలకి తెచ్చాను. షాపువాడు కార్బురేటర్ క్లీనర్ అంటగట్టబోతే తీసుకోకండి. కొన్ని బాడీలకి లోపల పూత ఉంటుంది, ఆ ఘాటుకి అది లేచిపోవచ్చు. పెట్రోలు, కిరోసిన్ ఊసే వద్దు.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. నేను పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టాను, బండి రాత్రంతా నిలిపే ఉంది. క్లీనర్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి గాలాడే చోట చెయ్యాలి, దగ్గర్లో సిగరెట్టూ అగరొత్తీ ఉండకూడదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీకి వచ్చే గాలి గొట్టం క్లిప్పులు వదులు చేసి లాగితే వచ్చేస్తుంది. దానికి తగిలించిన సన్న పైపులు, కనెక్టర్లు ఎక్కడెక్కడివో ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇది నేను చెయ్యలేదు, దాని ఫలితం కింద చెబుతాను.

లోపల టార్చి వేస్తే బిళ్ళ మధ్యభాగం మెరుస్తూనే ఉంది. అంచు వెంట మాత్రం నెలవంకలా నల్లటి చార, గోటితో గీకితే వేలికి అంటింది. వాడీ వాడీ మాడిన మూకుడు అంచు ఎలా ఉంటుందో అలా. బిళ్ళ వెనక వైపు ఇంకా ఎక్కువ.

ఇక్కడ ఆత్రం పనికిరాదు. అంచూ వెనకా తుడవాలంటే బిళ్ళని తెరిచి పట్టుకోవాలి. బిళ్ళ కేబుల్‌తో కదిలే బండి అయితే ఎవరైనా పెడల్ తొక్కి పట్టుకుంటే సరిపోతుంది. మాది మోటారుతో తిరిగేది. అలాంటిదానిలో కీ ఆన్‌లో ఉండగా వేలు పెడితే బిళ్ళ మూసుకుని వేలు నలుగుతుంది. బ్యాటరీ తీసేసినా గట్టిగా నొక్కితే లోపలి పళ్ళచక్రాలు పాడవుతాయి. మా అబ్బాయి చెక్క గరిటె కాడతో మెల్లగా తోసి పట్టుకున్నాడు. "అమ్మా, వదిలెయ్యనా?" అని రెండుసార్లు అడిగాడు. "ఉండరా, నేను చెప్పేదాకా కదపకు" అన్నాను.

క్లీనర్‌ని గొట్టంలోకి ధారగా కొట్టకండి, ఇంజన్లోకీ సెన్సార్లలోకీ కారుతుంది. గుడ్డ మీద కొట్టి తుడవాలి, మొండి చార మీద బ్రష్‌తో రుద్దాలి. రెండు వైపులా, గొట్టం గోడలూ తుడిచి, గుడ్డకి నలుపు అంటడం మానేవరకూ గుడ్డలు మార్చండి. నాకు ఐదు పట్టాయి. గాలి గొట్టంలో గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉంటే దానికి ఈ క్లీనర్ తగలనివ్వకండి.

పది నిమిషాలు ఆరనిచ్చి అన్నీ బిగించాను. సెల్ఫ్ మూడోసారికి గానీ ఎత్తుకోలేదు, కాస్త పొగ వచ్చింది. మిగిలిన క్లీనర్ కాలడం అది, భయపడనక్కర్లేదు. భయపెట్టింది వేరే: ముల్లు 1500 దగ్గర నిలిచిపోయింది, బానెట్ కింద పాము బుసలా చప్పుడు. వెతికితే ఒక సన్న పైపు తగిలించకుండా పక్కన వేలాడుతోంది. ఇంజన్ ఆపి తగిలించి మళ్ళీ స్టార్ట్ చేస్తే దిగింది.

ఆ తర్వాత యాక్సిలరేటర్ ముట్టుకోకుండా రేడియేటర్ ఫ్యాను తిరిగేవరకూ వదిలేశాను. ఇంజన్‌ని నడిపే కంప్యూటరు, ఆ బిళ్ళ కొత్త స్థానాన్ని నేర్చుకోవాలి. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. కొన్ని బండ్లకి ఇది స్కానర్‌తోనే కుదురుతుంది, మాన్యువల్ చూసుకోండి. మాది 750 దగ్గర కుదురుకుంది. మిగిలిన సగం డబ్బా మాత్రం కారులో వదలకండి, బెజవాడ ఎండకి పేలగలదు.