కరాటే గుద్దులో కాళ్ల బలం పిడికిలికి చేరాలంటే ఎలా సాధన చేయాలి?

కరాటే నేర్చుకునేవారిలో చాలామంది గుద్దులో బలం చాలడం లేదనిపించగానే చేతి కండలు పెంచే వ్యాయామాల వైపు మళ్లుతారు. కానీ గుద్దు బలం మొదలయ్యేది కాళ్ల దగ్గర. కాలు నేలను ఎంత గట్టిగా నొక్కితే నేల అంతే బలంతో తిరిగి నెడుతుంది. ఆ బలం మోకాలు, తుంటి, వెన్ను, భుజం మీదుగా పిడికిలికి చేరాలి. దారిలో ఏ కీలు లొంగిపోయినా ఆ మేరకు బలం అక్కడే వృథా అవుతుంది. షోటోకాన్ శైలిలో తొలినాళ్ల నుంచే నేర్పే గ్యాకు జుకి, అంటే ముందున్న కాలికి వ్యతిరేక వైపు చేతితో కొట్టే గుద్దు, ఈ సంగతిని శరీరానికి అలవాటు చేయడానికి చక్కని సాధన.

ముందుగా ఎడమ కాలు ముందుకు వేసి జెన్‌కుట్సు దాచిలో, అంటే ముందు కాలిపై బరువు మోపే భంగిమలో నిలబడండి. పాదాల మధ్య అడ్డంగా భుజాల వెడల్పు, పొడవునా సుమారు దానికి రెట్టింపు దూరం ఉండాలి. ముందు మోకాలిని వంచి, శరీర బరువులో దాదాపు 60 శాతం ఆ కాలిపై ఉంచండి. రెండు పాదాలూ ఒకే గీత మీదకు వస్తే నడుము తిరగడానికి చోటుండదు, పక్క నుంచి కొద్దిగా తోసినా తూలిపోతారు. వెనక పాదం వేళ్లు వీలైనంత ముందు వైపు చూడాలి, మడమ నేలను వదలకూడదు. పోటీల్లో కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడే విభాగం) ఆటగాళ్లు వెనక మడమ లేపి కొట్టడం మీరు చూసి ఉంటారు. అది దూరాన్ని ఒక్క ఉదుటున దాటడానికి ఎంచుకున్న పద్ధతి, బలం ప్రయాణించే దారి బాగా తెలిసిన తర్వాతే దాని జోలికి వెళ్లాలి.

ఇప్పుడు గుద్దకండి. గుద్దు ముగిసే స్థితిలో, కుడి పిడికిలిని ఎదురు మనిషి రొమ్ము కింది గుంట ఎత్తులో చాచి ఆగండి. చూపుడు వేలు, మధ్య వేలు కణుపులు ముంజేతికి సూటిగా ఉండాలి, మణికట్టు ఎటూ వంగకూడదు. తోటి సాధకుణ్ణి అరచేతితో మీ పిడికిలిని మెల్లగా, క్రమంగా ఒత్తిడి పెంచుతూ నెట్టమనండి. ఆ ఒత్తిడి మీ వెనక మడమలో తెలిస్తే అమరిక కుదిరినట్టే. భుజం పైకి లేస్తుంటే దాన్ని కిందికి దించి, చంక దగ్గరి కండరాలను బిగించండి. మోచేయి బయటికి జారుతుంటే దాని కొనను నేల వైపు తిప్పండి. నడుము వెనక లోపలికి వంగుతుంటే పొత్తికడుపు బిగించి, తుంటి ఎముకను కొద్దిగా ముందుకు మడవండి. ఒకినావాకు చెందిన గోజు ర్యూ శైలిలో సాంచిన్ అనే కాతా (నిర్ణీత కదలికల వరుస) చేస్తున్న శిష్యుడి భుజాలను, వీపును, కాళ్లను గురువు తట్టి, నొక్కి చూసేది కూడా ఇందుకే. తోడు లేనివారు గోడకు పిడికిలి ఆనించి, తామే మెల్లగా ముందుకు నొక్కి చూసుకోవచ్చు. వేగం కంటే ముందు ఈ పరీక్షకే ఎక్కువ సమయం ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వేగంగా కొట్టేటప్పుడు తప్పు ఎక్కడుందో కంటికి దొరకదు.

తర్వాత చేతులు నడుముపై పెట్టుకొని, వెనక కాలితో నేలను నొక్కుతూ తుంటిని ఏటవాలు స్థితి నుంచి పూర్తిగా ఎదురుకు తిప్పండి. ముందు మోకాలు కదిలిందంటే తిరగాల్సిన బలం పక్కకు పోయినట్టే.

ఇది కుదిరాక చేతిని జోడించండి. తుంటి ముందు కదలాలి, మోచేయి పక్కటెముకలను రాసుకుంటూ వెళ్లాలి, ఎడమ పిడికిలి అదే క్షణంలో నడుము దగ్గరికి రావాలి. మొదటి నుంచే చేయి బిగిస్తే కండరాలు ఒకదానికొకటి అడ్డుపడి వేగాన్ని తగ్గిస్తాయి. తగిలే క్షణంలో మాత్రమే ఊపిరి వదులుతూ బిగించి, వెంటనే సడలించండి. గాలిలో గుద్దేటప్పుడు మోచేతిని చివరిదాకా విదిలించకండి. ప్యాడ్ మీద తక్కువ బలంతో మొదలుపెట్టి, మణికట్టు నిలుస్తోందని రూఢి అయ్యాకే బలం పెంచండి.