ఐరోపా సమాఖ్య నిబంధన మితిమీరిందో లేదో తేల్చుకోవడం ఎలా

ఐరోపా సమాఖ్య ఉమ్మడి మార్కెట్‌ను నిబంధనలతో బిగించేస్తోందన్న విమర్శ విన్నప్పుడు, ముందుగా ఆ నిబంధన ఏ రూపంలో వచ్చిందో చూడండి. రెగ్యులేషన్ సభ్యదేశాలన్నింటిలో నేరుగా అమలవుతుంది. డైరెక్టివ్ లక్ష్యాన్ని నిర్దేశించి చట్టరూపాన్ని ఆయా దేశాలకే వదిలేస్తుంది కనుక, సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌కు అంటగట్టే భారంలో కొంత సొంత పార్లమెంటు అదనంగా చేర్చినదే కావచ్చు.

తరువాత, ఆ నిబంధనే లేకపోతే ఏముండేదో ఆలోచించండి. అసలు కీలకం ఇదే. ఒక ఉమ్మడి నిబంధన తరచుగా 27 దేశాల వేర్వేరు నిబంధనల స్థానంలో వస్తుంది. అయితే అదొక్కటే మార్గం కాదు: ఫ్రాన్స్‌లో చట్టబద్ధంగా అమ్ముడయ్యే మద్యాన్ని, అందులో ఆల్కహాల్ తక్కువన్న కారణంతో జర్మనీ అడ్డుకోరాదని 1979లో ఐరోపా న్యాయస్థానం తీర్పునిచ్చి, ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా అమ్ముడయ్యే వస్తువును మిగతావీ అనుమతించాలనే పరస్పర గుర్తింపు సూత్రానికి బాట వేసింది. ఆ సూత్రంతోనే పని జరిగే చోట కొత్త నిబంధన అనవసరమని నేను గట్టిగా నమ్ముతాను. దోసకాయల వంపును బట్టి నాణ్యత శ్రేణులు నిర్ణయించిన 1988 నాటి నిబంధన 2009లో తొలగిపోయింది. అలాంటి దానిని ప్రమాదకర రసాయనాల నియంత్రణతో ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయం.

సమాఖ్యకే ప్రత్యేకించని రంగాల్లో, సభ్యదేశాలు తమంతట తాము తగినంతగా సాధించలేని లక్ష్యాలకే అది పూనుకోవాలని ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని 5వ అధికరణం చెబుతుంది. ఏదైనా చట్ట ముసాయిదా ఈ షరతుకు నిలవదనిపిస్తే, అది అందిన 8 వారాల్లోగా ఆక్షేపణ తెలపవలసిందిగా మీ జాతీయ పార్లమెంటు సభ్యులను కోరండి.