పాత మెకానికల్ కెమెరా ఇబ్బందులు: కారణం నెగెటివ్‌లోనే ఉంటుంది

స్ప్రింగులు, పళ్లచక్రాల మీద నడిచే కెమెరాలో నాకు అన్నిటికంటే నచ్చేది, లోపల ఏం జరుగుతోందో కంటికీ చెవికీ తెలిసిపోవడం. ఫిల్మును ముందుకు నడిపే లివర్ లాగుతుంటే స్ప్రింగు బిగుసుకోవడం బొటనవేలికి తెలుస్తుంది. ఏదైనా చెడితే దాని గుర్తు నెగెటివ్ మీద పడుతుంది. అందుకే స్కాన్లతో సరిపెట్టుకోకుండా ల్యాబ్‌ను అడిగి నెగెటివ్‌లు తీసుకోండి. స్కాన్ చేసేటప్పుడు ఫిల్ము అంచులు వదిలేస్తారు, మనకు కావలసిన ఆధారం చాలాసార్లు అక్కడే ఉంటుంది. నెగెటివ్‌లో వెలుగు తగిలిన చోటు నల్లబడుతుంది, తగలని చోటు తేటగా ఉంటుందని మాత్రం మరచిపోకండి.

రీలంతా ఖాళీగా వచ్చింది

అంచున ఫిల్ము పేరు, ఫ్రేము నంబర్లు ఉన్నాయా? లేకపోతే తప్పు డెవలపింగ్‌లో జరిగింది. ఉంటే డెవలపింగ్ సరిగ్గానే ఉంది, ఫిల్ముకే వెలుగు తగల్లేదు. ఎక్కువగా జరిగేది ఫిల్ము కొస దాన్ని చుట్టుకునే స్పూల్‌కు పట్టుకోకుండా జారిపోవడం. ఈసారి రీలు ఎక్కించి వెనక తలుపు మూశాక, రివైండ్ నాబ్‌ను (ఫిల్మును వెనక్కి చుట్టే పిడి) బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి వదులు తీసేయండి. ఆ తర్వాత లివర్ లాగిన ప్రతిసారీ ఆ నాబ్ ఎదురు దిశలో తిరగాలి. తిరగలేదంటే ఫిల్ము కదలడం లేదు.

ఫోటోల మీద వెలుగు చారలు

ముందు చూడాల్సింది ఒకటే: నెగెటివ్‌లో ఆ నల్లటి మరక ఫిల్ము అంచున ఉండే స్ప్రాకెట్ రంధ్రాల దాకా పాకిందా, ఫ్రేము లోపలే ఆగిందా?

రంధ్రాల దాకా పాకితే వెలుగు వెనక తలుపు సందుల్లోంచి వస్తోంది. 1970లు, 80ల నాటి చాలా కెమెరాల్లో ఆ సందుల్లో సన్నటి స్పాంజి అంటించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ అది కరిగి నల్లటి జిగురులా మారుతుంది, ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. చెక్క పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త అద్దిన దూదిపుల్లతో తుడిచి, కొత్త స్పాంజి అంటించండి. ఓ సాయంత్రం ఓపిగ్గా కూర్చుంటే ఎవరైనా చేసుకోగల పని ఇది. గీకిన ముక్కలు షట్టర్ మీద పడకుండా, తెరిచిన వెనక వైపు కిందికి ఉండేలా కెమెరాను పట్టుకోండి.

మరక ఫ్రేము లోపలే ఆగితే వెలుగు లెన్స్ వైపు నుంచి వస్తోంది. ప్రతి ఫ్రేములో ఒకే చోట చిన్న చుక్క కనిపిస్తుంటే గుడ్డ షట్టర్‌కు చిల్లు పడిందేమోనని అనుమానించాలి. చీకటి గదిలో ముందునుంచి టార్చ్ వేసి, వెనక తలుపు తెరిచి చూస్తే తెలిసిపోతుంది. అద్దం లేని రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో ఎండ లెన్స్‌లోంచి నేరుగా గుడ్డ మీద పడి కాల్చేస్తుంది. వాటిని మూత లేకుండా సూర్యుడి వైపు తిప్పి ఉంచొద్దు.

ఫ్రేములో ఒక పక్క చీకటి

ఫ్లాష్‌తో తీసినవే ఇలా ఉంటే కెమెరా బాగానే ఉంది, షట్టర్ స్పీడు ఎక్కువ పెట్టారు. అడ్డంగా కదిలే గుడ్డ షట్టర్లకు సాధారణంగా 1/60 సెకను, నిలువుగా కదిలే లోహపు షట్టర్లలో చాలావాటికి 1/125 దాటకూడదు. ఫ్లాష్ లేకుండా 1/500, 1/1000 దగ్గర ఇలా వస్తుంటే షట్టర్‌లో ఒకదాని వెనక ఒకటి కదిలే రెండు కర్టెన్లలో (తెరల్లో) రెండోది మొదటిదాన్ని మధ్యలోనే అందుకుంటోంది. సర్వీసు చేయించాలి. అంతవరకూ తక్కువ స్పీడ్లతో హాయిగా తీసుకోవచ్చు.

1 సెకను స్పీడు పెట్టి నొక్కితే షట్టర్ ఆగి ఆగి మూసుకుంటోంది

లోపలి గ్రీజు గట్టిపడింది. కొన్నిసార్లు ఫిల్ము లేకుండా పదేపదే నొక్కితే కాస్త వదులవుతుంది. నూనె మాత్రం స్ప్రే చేయొద్దు. అది కర్టెన్ మీదికీ లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని (అపెర్చర్) మార్చే రేకుల మీదికీ పాకి ఉన్నదాన్ని కూడా చెడగొడుతుంది.

అన్ని ఫోటోలూ వెలుగు చాలక పలచగా

పాత లైట్ మీటర్లలో చాలావాటిని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి సరిపడేలా తయారుచేశారు. అందులో 1.5 వోల్టుల ఆల్కలైన్ పెడితే మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ వెలుగు చూపిస్తుంది, దాన్ని నమ్మితే ఫిల్ముకు చాలినంత వెలుగు అందదు. వినికిడి యంత్రాల్లో వాడే 675 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ పాత వోల్టేజికి దగ్గరగా ఉంటుంది. చిన్నదిగా ఉంటే చుట్టూ ఒక రింగు అమర్చండి.

మీటర్ పూర్తిగా పోయినా దిగులు పడనక్కర్లేదు. పెంటాక్స్ కె1000 లాంటి కెమెరాల్లో బ్యాటరీ మీటర్ కోసమే, షట్టర్‌కు దానితో పనిలేదు. మంచి ఎండలో అపెర్చర్ ఎఫ్/16 పెట్టి, ఫిల్ము ఐఎస్‌ఓకు (వెలుగుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె) దగ్గరి షట్టర్ స్పీడు ఎంచుకోండి. 400 ఫిల్ముకు 1/500. వెలుగును సొంతంగా అంచనా వేయడం అలవాటైతే, మీటర్ బాగున్నా దానివైపు చూడబుద్ధి కాదు.

లివర్ బిగుసుకుపోయింది

రీలు చివరికొచ్చి ఉంటే బలవంతంగా లాగకండి, స్ప్రాకెట్ రంధ్రాలు చిరుగుతాయి. అడుగున ఉన్న రివైండ్ బటన్ నొక్కి నెమ్మదిగా చుట్టండి. పొడి వాతావరణంలో వేగంగా చుడితే స్థిర విద్యుత్తు పుట్టి, ఫిల్ము మీద మెరుపుల్లాంటి గీతలు పడతాయి.

సోవియట్ కాలపు జోర్కీ, ఫెడ్ కెమెరాల్లో షట్టర్‌ను బిగించాకే స్పీడు మార్చాలి, లేకపోతే మెకానిజం దెబ్బతినొచ్చు. పాత కెమెరాల్లో సెల్ఫ్ టైమర్ జోలికి వెళ్లకపోవడమే మేలు: అది మధ్యలో ఆగిందంటే షట్టర్ కూడా దానితోపాటే ఆగిపోతుంది.