రీస్టోర్‌కు రెండు ఫైళ్లు చాలు

డిఫరెన్షియల్ బ్యాకప్ (ఫుల్ బ్యాకప్ తర్వాత మారినవాటిని దాచేది) పెట్టుకున్నవారు రీస్టోర్ చేసేటప్పుడు, అంటే దాచిన డేటాను తిరిగి తెచ్చుకునేటప్పుడు, ఫైళ్లన్నీ వరుసగా ఎక్కించాలేమో అని కంగారు పడుతుంటారు. అక్కర్లేదు. ఆదివారం ఫుల్ బ్యాకప్, అంటే మొత్తం డేటా నకలు, 200 జీబీ తీశారనుకోండి. సోమవారం డిఫరెన్షియల్ 2 జీబీ, మంగళవారం 5, బుధవారం 9. గురువారం ఉదయం డిస్కు పోయింది. కావలసినవి ఆదివారం ఫుల్, బుధవారం డిఫరెన్షియల్, అంతే. ప్రతి డిఫరెన్షియల్‌లోనూ ఆ ఫుల్ తర్వాత మారినదంతా ఉంటుంది. రోజురోజుకూ లావెక్కేది అందుకే. మంగళవారం నాటి స్థితే కావాలంటే బుధవారానిది వదిలేసి మంగళవారానిది తీసుకోండి. ఇంక్రిమెంటల్ (ప్రతిసారీ కిందటి బ్యాకప్ తర్వాత మారినది మాత్రమే దాచేది) అయితే మాత్రం గొలుసులో ఒక్క లంకె తెగినా ఆ తర్వాతవి పనికిరావు.

చోటు చాలడం లేదని ఫుల్ ఫైలును మాత్రం చెరిపేయకండి. నేను ఒకసారి ఆ ఘనకార్యం చేశాను: మూడు డిఫరెన్షియల్‌లు చేతిలో ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. కొత్త ఫుల్ తీశాక కూడా పాత డిఫరెన్షియల్‌లు పాత ఫుల్‌కే చెందుతాయి, కొత్తదానితో కలవవు. తీసేస్తే పాత ఫుల్‌నూ దాని డిఫరెన్షియల్‌లనూ కలిపి తీసేయండి, అదీ కొత్త ఫుల్ సరిగ్గా తెరుచుకుంటోందని చూసుకున్నాకే.

అన్నట్టు, విండోస్ లేవకపోయినా కంప్యూటర్‌ను లేపి రీస్టోర్ చేసుకోవడానికి, బూట్ అయ్యే రెస్క్యూ పెన్‌డ్రైవ్ ఇప్పుడే చేసి పెట్టుకోండి. విండోస్ లేవనప్పుడు ఆ పెన్‌డ్రైవ్ తయారు చేయడానికి ఇంకో కంప్యూటర్ వెతుక్కోవాలి.