యాభై దాటాక గోల్ఫ్‌లో డ్రైవ్ (తొలి పెద్ద దెబ్బ) దూరం: కొత్త క్లబ్ కొనేముందు చూసుకోవాల్సినవి

వయసు పెరిగేకొద్దీ వేగంగా పనిచేసే కండ తంతువులే ముందు సన్నబడతాయి, నడుమూ మునుపటంత తిరగదు. అయినా దూరం తగ్గిందని చాలామందికి ఏళ్ల తరబడి తెలియదు. దాన్ని దాచేది క్లబ్బులే. 1980ల్లో సెవెన్ ఐరన్ (ఏడో నంబరు ఇనుప క్లబ్) లాఫ్ట్, అంటే బంతిని తాకే ముఖం (ఫేస్) వెనక్కి వాలిన కోణం, 35 డిగ్రీల దగ్గర ఉండేది, ఇప్పటివాటిలో చాలావాటికి 28–30. అంటే ఎక్కువ దూరం కొట్టే పాత ఫైవ్, సిక్స్ ఐరన్‌కే ఏడో నంబరు వేసి అమ్ముతున్నారు. కాబట్టి ఐరన్ లెక్క పక్కనపెట్టి డ్రైవర్‌ని (అన్నిటికంటే దూరం కొట్టే పెద్ద తల క్లబ్) కొలవండి.

లాంచ్ మానిటర్ (దెబ్బ వేగం, దూరం కొలిచే యంత్రం) ఉన్న రేంజ్‌లో (సాధన మైదానంలో) పది బంతులు కొట్టి క్లబ్ వేగం, బంతి వేగం, క్యారీ (బంతి గాల్లో వెళ్లిన దూరం) రాసుకోండి. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే 1.45కి పైన రావాలి. గంటకు 85 మైళ్ల స్వింగ్‌తో 1.38 వస్తోందంటే దాదాపు 12 గజాలు ఊరికే పోతున్నట్టే. కొత్త డ్రైవర్ వాటిని తెచ్చిపెట్టదు. క్లబ్ తల పరిమాణం 460 సీసీ దాటకూడదన్న నియమం, ఫేస్ బంతిని స్ప్రింగ్‌లా ఎంత నెట్టవచ్చన్న పరిమితి ఇరవై ఏళ్లుగా ఉన్నవే.

తప్పెక్కడో తెలియాలంటే బంతి వెనకవైపు వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి కొట్టండి, ఆ ముద్ర ఫేస్ మీద పడుతుంది. ముద్ర కిందికి ఉంటే స్పిన్ పెరిగి బంతి పైకి లేచి అక్కడే కూలబడుతుంది. సగం బంతి డ్రైవర్ పైఅంచు దాటేలా టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) ఎత్తు పెంచండి. ముద్ర హీల్ (కర్ర తలలో దిగేచోటు) వైపు పడితే షాఫ్ట్ (క్లబ్ కర్ర) పొడవు ఎక్కువేమో చూడాలి: గ్రిప్‌ని అంగుళం కిందికి పట్టుకుని మరో పది కొట్టండి. ముద్రలు మధ్యకొస్తే అర అంగుళం కోయించవచ్చు. అప్పుడు స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) సుమారు మూడు పాయింట్లు పడిపోతుంది. పాయింటుకు 2 గ్రాముల చొప్పున సోల్‌కి (తల అడుగుభాగానికి) 6 గ్రాముల లెడ్ టేప్ (సీసపు పట్టీ) అంటించకపోతే తల ఎక్కడుందో చేతికి తెలియదు. 2021లో అమెరికా గోల్ఫర్ ఫిల్ మికెల్సన్ యాభై ఏళ్ల వయసులో పీజీఏ ఛాంపియన్‌షిప్ (గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలిచింది దాదాపు 48 అంగుళాల డ్రైవర్‌తోనే. కానీ ఆయన సాధన వేరు, వారాంతపు ఆట వేరు.

తర్వాత లాఫ్ట్. 85 మైళ్ల స్వింగ్‌కి 9 డిగ్రీలు చాలవు, 10.5 నుంచి 12 పెట్టి చూడండి. స్లీవ్‌తో (షాఫ్ట్ తలలో దిగేచోట తిప్పి మార్చే అమరికతో) లాఫ్ట్ పెంచితే ఫేస్ కొంచెం మూసుకుని బంతి ఎడమకు లాగుతుంది (కుడిచేతివాళ్లకి), అందుకే డిగ్రీ చొప్పునే మార్చండి. హైదరాబాద్ వానల్లో తడిసిన ఫెయిర్‌వేల (బంతి పడాల్సిన, కత్తిరించిన గడ్డి దారుల) మీద దొర్లుడు ఉండదు, క్యారీయే దిక్కు.

షాఫ్ట్ 85 మైళ్ల లోపు వేగానికి సీనియర్ (ఎక్కువ వంగేది), పైన రెగ్యులర్ (కాస్త గట్టిది) సరిపోతాయి. అయితే ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది, షాఫ్ట్ మీద రాసిన అక్షరం చూసి నమ్మకండి. మెత్తటి బంతి డ్రైవ్‌ని పెంచదు. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద అది మీకు నచ్చితేనే కొనండి.

వేగం మాత్రం ఒంటి నుంచే రావాలి. ఒళ్లు వేడెక్కాక డ్రైవర్‌ని తిరగేసి, తల దగ్గర పట్టుకుని, రెండు వైపులా ఐదేసి సార్లు బలంగా ఊపండి. నిమిషం విరామంతో మూడు విడతలు, వారానికి రెండుసార్లు. నడుము పట్టేస్తే ఆపేయండి. ఆరు వారాలకు మళ్లీ కొలవండి: క్లబ్ వేగంలో పెరిగే ప్రతి మైలూ రెండు, రెండున్నర గజాలిస్తుంది.

ఐరన్ సెట్ కొత్తదైతే వెడ్జ్‌లూ (దగ్గరి దెబ్బలకు వాడే, లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్బులు) చూసుకోండి. పిచింగ్ వెడ్జ్ 44, శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 12 డిగ్రీల ఖాళీ. అక్కడికి 50 డిగ్రీల వెడ్జ్ కావాలి.