పాత హారర్ కామిక్స్‌కు కొత్త ప్రాణం - నాలుగో పాఠం: పేజీ తిప్పే చోటు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. పాత హారర్ కామిక్ కథ ఒకటి తీసుకుని, అందులో ఏది తీసేస్తే కథ కూలిపోతుందో ఒక్క వాక్యంలో రాయమన్నాను. మీరు ‘దెయ్యం’ అని రాసి ఉంటే ఆ కథ ఇంకోసారి చదవండి. 1950లో అమెరికాలోని ఇసి కామిక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు ‘టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్’ అనే హారర్ పత్రిక మొదలుపెట్టారు. ఆ కథల్లో చాలావాటిని నడిపించేది ఒకడు చేసిన పాపం. వాడు ఎవరినో ముంచుతాడు, మునిగినవాడు చివరి పేజీలో తిరిగొస్తాడు. 1954లో వచ్చిన కామిక్స్ కోడ్, అంటే అక్కడి ప్రచురణకర్తలు తమకు తాము పెట్టుకున్న నియమావళి, పత్రిక పేరులో ‘హారర్’ అన్న మాటే ఉండకూడదంది. ఇసి హారర్ పత్రికలు ఆగిపోయాయి. 2024లో ఓనీ ప్రెస్ అనే ఇంకో అమెరికా ప్రచురణ సంస్థ ఆ ఇసి పేరును మళ్లీ తెచ్చినప్పుడు కొత్త రచయితలతో కొత్త కథలు రాయించింది. మనం నేర్చుకునేదీ ఆ దారే. ఎముకలు పాతవి ఉంచి, భయం మన ఊరిది పెడతాం.

మన ఊరి భయం ఏది? హైదరాబాద్‌లో నాకు వెంటనే తట్టేది శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల. 2020 అక్టోబరు వానల్లో కాలనీలకు కాలనీలు మునగడం చూసిన ఊరు ఇది. కాబట్టి ఈ పాఠమంతా ఒకే కథ మీద పనిచేద్దాం. చెరువును పూడ్చడానికి అడ్డొచ్చిన ముసలి నీరటిని, అంటే చెరువు నీళ్లు చూసుకునేవాణ్ని, ఒక బిల్డర్ తూములోకి తోసేశాడు. ఆ తూము మీదే అపార్ట్‌మెంట్ లేచింది. ఒక వాన రాత్రి సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. బిల్డర్ కారు తీసుకుపోదామని కిందికి దిగాడు.

కథ చెప్పేవాడి గురించి రెండు మాటలు చాలు. ‘టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్’లో కథలు చెప్పే క్రిప్ట్ కీపర్‌ను ఇక్కడికి మోసుకురావద్దు. చందమామ చదివిన ఇళ్లలో భేతాళుడు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నాడు, ఆయన్నూ కదపొద్దు. మన కథకు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ ఉన్నాడు. “గేటు బందు చేస్తున్న సార్, లోపటికొస్తే రాండ్రి” అని ఆయన అంటే చాలు, చదివేవాడు లోపలికి వచ్చేసినట్టే.

ఇప్పుడు అసలు విషయం. పుస్తకంలో బేసి పేజీలు కుడివైపు, సరి పేజీలు ఎడమవైపు వస్తాయి. ఎనిమిది పేజీల కథ కుడివైపు మొదలైతే 1, 3, 5, 7 పేజీల తర్వాత చదివేవాడు కాగితం తిప్పాలి. అంటే నాలుగుసార్లు వాడి చెయ్యి మీ మాట వింటుంది. భయపెట్టే బొమ్మను కుడి పేజీలో పెట్టారా, ఎడమ పేజీ చదువుతుండగానే కంటి కొసకు అది కనబడిపోతుంది. అందుకే అనుమానం కుడి పేజీ చివరి ప్యానెల్‌లో, అంటే చివరి బొమ్మ గడిలో, జవాబు తిప్పాక మొదటి ప్యానెల్‌లో.

మన ఏడో పేజీ చూడండి. బిల్డర్ కారులో కూర్చుని తలుపులు లాక్ చేసుకున్నాడు. పక్క అద్దం మీద తడి చేతి ముద్ర. బయటినుంచి పడిందనుకుని లోపలినుంచి చేత్తో తుడిచాడు. చివరి ప్యానెల్‌లో వాడి వేళ్లు మాత్రమే గీయండి. వేళ్లకు బురద అంటుకుంది. పేజీ తిప్పితే వెనక సీటు.

ఆ వేళ్ల ప్యానెల్‌లో ఒక్క మాట కూడా వద్దు. పాత పద్ధతిలో అయితే అక్కడ నాలుగు వరుసల క్యాప్షన్ ఉండేది. ఇసిలో రచయిత, సంపాదకుడు ఆల్ ఫెల్డ్‌స్టీన్ మాటలు ముందే బోర్డు మీద రాసేవాడు, మిగిలిన జాగాలో చిత్రకారుడు బొమ్మ వేసేవాడు. ఆ వచనం నాకెంతో ఇష్టం. అయినా బురద కనిపిస్తుంటే ‘బురద’ అని రాసినచోట కొత్త పాఠకుడు భయపడడు.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలన్నీ ఒకే ఎత్తులో నిలుస్తాయి. మనకు పైన గుడులు, కింద వత్తులు. ‘రాష్ట్రం’, ‘వస్త్రం’ లాంటి మాటలు రాగానే కింది వరుసకు తగులుతాయి. వరుసల మధ్య ఎడం పెంచాలి, అంటే మాటలు రాసే బెలూన్ పెరుగుతుంది, బొమ్మ తగ్గుతుంది. నేను బెలూన్‌కు పన్నెండు మాటలు దాటనివ్వను. ఫోన్‌లో చదివేవాళ్లకు తిప్పే పేజీ ఉండదు కాబట్టి వేళ్ల ప్యానెల్ కింద తెరంత నల్లటి ఖాళీ వదలండి.

ఈ వారం పని. రెండు ఏ4 కాగితాలు మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చండి, ఎనిమిది పేజీలు వస్తాయి. 1, 3, 5, 7 పేజీల్లో చివరి ప్యానెల్, 2, 4, 6, 8లో మొదటి ప్యానెల్ మాత్రమే పెన్సిల్‌తో గీయండి. గీతల మనుషులైనా ఫర్వాలేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏ భాషదైనా ఒక పాత కామిక్ కొని, అందులో కథకుడు పేజీ మలుపును ఎక్కడ వృథా చేశాడో గుర్తుపెట్టండి. తర్వాత మీ మడత పుస్తకాన్ని ఇంట్లో ఒకరి చేతికిచ్చి, వాళ్ల మొహం వైపు కాకుండా చెయ్యి వైపు చూడండి. ఏ పేజీ దగ్గర బొటనవేలు ఆగిందో ఆ అంకె రాసుకుని ఐదో పాఠానికి రండి. ఆ పేజీకే సిరా నలుపు ఎంత పోయాలో చూద్దాం.